సత్తెమ్మ ఇంటి షుగర్

పాతబస్తీ హుస్సేనీ ఆలంలో మాకొక మందుల దుకాణం ఉంది. మా నాయన పెట్టాడు, ముప్పయ్యేళ్ళుగా నేను నడుపుతున్నాను. ఫార్మసీ చదివాను కాబట్టి గల్లీలో అందరూ నన్ను సగం డాక్టరంటారు. ఆ మాటంటే నాకు చెప్పలేనంత ఇష్టం. ఈ సంగతి ముందే ఎందుకు ఒప్పుకుంటున్నానంటే, నేను చెప్పబోయే బాలనర్సింహ బతుకులో నా వల్ల జరిగిన చెరుపుకు అదే మూలం.

బాలనర్సింహా నేనూ ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నాం. పదో తరగతి తప్పాక వాడు తండ్రి వెంట పత్తర్‌గట్టి వెళ్ళి పట్వా పనిలో కుదిరాడు. ముత్యాలకు పట్టుదారం ఎక్కించి హారాలు కట్టే పని అది. ముత్యాల సేఠ్ దుకాణంలో ఓ మూల తెల్లగుడ్డ పరుచుకుని కూర్చుని, బియ్యపు గింజంత ముత్యాన్ని వేళ్ళ మధ్య పట్టి వెలుతురుకు ఎత్తేవాడు. ఎడమ కన్ను మూసి, కుడికంటితో బెజ్జంలోంచి చూసేవాడు. బెజ్జం వంకర లేదని తేలాకే దారం. దారం ఎక్కించేటప్పుడు కూడా ఎడమ కన్ను మూతే. వాళ్ళ నాయన అట్లా చేసేవాడు, వీడూ అట్లాగే నేర్చుకున్నాడు. నీ ఎడమకంటికి పనీ పాటా లేదు, కూర్చోబెట్టి పింఛనిస్తున్నావని మేం ఆటపట్టించేవాళ్ళం.

వాళ్ళమ్మ సత్తెమ్మ. ఆమెకు షుగర్ ఉండేది. నలభై ఎనిమిదేళ్ళకే రెండు కళ్ళూ పోయాయి. పురానాపూల్‌లో ఉండే ఆమె అన్న కృష్ణయ్యకూ అంతే. గల్లీలో ఆడవాళ్ళు ఒక మాట అనేవారు. ఒక్కో ఇంట్లో షుగర్ ఒక్కో తోవ పడుతుందట. కొందరికి కాళ్ళకు పోతుంది, కొందరికి మూత్రపిండాలకు పోతుంది, సత్తెమ్మ ఇంట్లో మాత్రం కళ్ళకు పోతుందట. నేను కౌంటర్ వెనక నిలబడి నవ్వేవాణ్ణి. చక్కెరకు ఇంటిపేర్లు కూడా తెలుస్తాయా అని అడిగేవాణ్ణి. షుగర్ అదుపులో పెట్టుకుంటే ఎటూ పోదు, పెట్టుకోకపోతే అన్నిటికీ పోతుంది, ఇదే సైన్సు అని పాఠం చెప్పేవాణ్ణి. చదువుకున్న మూర్ఖుడికి ఉన్నంత ధైర్యం ఇంకెవరికీ ఉండదు.

సత్తెమ్మ మంచం నుంచి స్నానాలగది దాకా బాలనర్సింహ ఒక తాడు కట్టాడు. గోడకు మేకు కొట్టి, అటు కొస దానికి చుట్టాడు. ఆమె పదిహేనేళ్ళు ఆ తాడు పట్టుకునే తిరిగింది, తిరిగి తిరిగి పోయింది. ఆమె పోయిన మరుసటేడే, నలభై రెండో ఏట, బాలనర్సింహకు షుగర్ వచ్చింది. రిపోర్టు పట్టుకుని నా దుకాణానికి వచ్చి కౌంటర్ మీద పరిచాడు.

"నాకు తాడు వద్దు జగదీశ్," అన్నాడు. "ఏం జేయాల్నో చెప్పు, జేస్త."

చేశాడు. వాడిలా చేసినవాణ్ణి నా దుకాణం చరిత్రలో చూడలేదు. అన్నం మానేశాడు, రెండు పూటలా జొన్నరొట్టె. చాయ్‌లో చక్కెర లేదు, పెళ్ళిలో మిఠాయి లేదు. రోజూ పొద్దున హుస్సేనీ ఆలం నుంచి పురానాపూల్ దాకా నడక, అక్కణ్ణుంచి తిరుగునడక. మాత్ర ఒక్క పూట తప్పింది లేదు. మూడు నెలలకోసారి తీసే సరాసరి షుగర్ పన్నెండేళ్ళలో ఏడు శాతం దాటలేదు, ఏడు లోపుంటే అదుపులో ఉన్నట్టే. ఎవరైనా మందులకొచ్చి నాలుక ఆగడం లేదని గొణిగితే, పోయి బాలనర్సింహను చూడమని కసిరేవాణ్ణి.

వాడి అన్న వైకుంఠం దీనికి సరిగ్గా ఎదురు. నీళ్ళ బోర్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. పద్దెనిమిదేళ్ళుగా షుగర్. ఎప్పుడు చూసినా రెండువందల ఎనభైకి తగ్గదు. చాయ్‌లో నాలుగు చెంచాల చక్కెర, ఆదివారం వస్తే జిలేబీ. తమ్ముడు రొట్టె తింటుంటే పక్కన కూర్చుని, నువ్వు బతికి ఏం లాభంరా అని నవ్వేవాడు. అన్న పోకడ చూసి తమ్ముడికి దిగులు. అమ్మలాగే అన్న కూడా తాడు పట్టుకుంటాడని నాతో ఎన్నిసార్లు చెప్పుకున్నాడో.

షుగర్ వచ్చిన మూడో ఏటో నాలుగో ఏటో ఒకరోజు బాలనర్సింహ మాత్రల కోసం వచ్చి అడిగాడు, అమ్మకు అట్లా అయింది కదా, కళ్ళు కూడా చూపించుకోవాలా అని. ఆ మధ్యాహ్నం దుకాణంలో నలుగురున్నారు. నలుగురి ముందు నాకు మాట బాగా వస్తుంది.

"దినాం వెయ్యి ముత్యాలకు దారమెక్కిస్తవ్," అన్నాను. "నీ కండ్లు పరీక్ష జేసే మొనగాడు ఏ దవాఖానల ఉన్నడ్రా? నీ సూదే నీకు డాక్టర్. అది తప్పిననాడు ఫికర్ జెయ్."

నలుగురూ నవ్వారు, వాడూ నవ్వాడు. బరువు దింపుకున్నట్టు వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఎవరు కళ్ళ సంగతి ఎత్తినా వాడు నా మాటే అప్పజెప్పేవాడు. షుగరున్నవాళ్ళు ఏడాదికోసారి కంటిలోపలి పొర చూపించుకోవాలని నేను చదువుకున్నాను. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ జబ్బు అంచుల్లో మొదలవుతుందనీ, నడిమి చూపు చాలాకాలం చెక్కుచెదరదనీ, మనిషికి నొప్పి గానీ మసక గానీ తెలియదనీ కూడా చదివాను. వాడి చేతిలో సూది ఆడుతుంటే అదంతా మరిచిపోయాను.

రెండువేల ఇరవై మూడు వానాకాలంలో నగరమంతా కళ్ళకలక వచ్చింది. బాలనర్సింహ కుడికన్ను కూడా ఎర్రబడి పుసులు కట్టింది. చుక్కలమందు కోసం దుకాణానికి వచ్చి, నీరు కారుతున్న ఆ కంటిని రుమాలుతో అదిమి పట్టుకుని నిలబడ్డాడు. ఎడమకన్ను ఒక్కదానితో లోకాన్ని చూడడం వాడికి ఎన్నేళ్ళకు తటస్థించిందో. నావైపు చూసి, లైటు పోయిందా అని అడిగాడు. నెత్తిమీద ట్యూబులైటు వెలుగుతూనే ఉంది. రుమాలు తీశాడు, మళ్ళీ పెట్టాడు.

"నీ మొహం నడుమ లేదు జగదీశ్," అన్నాడు. "చెవులు కనవడుతున్నయ్."

షట్టరు దించి, ఆటో ఎక్కించి వాణ్ణి కంటి ఆసుపత్రికి తీసుకుపోయాను. మనస్విని అని వయసులో చిన్న డాక్టరు. చుక్కలు వేసి, పాపలు పెద్దవి చేసి, ఒక్కో కంట్లోకీ చాలాసేపు చూసింది. ఎడమకంట్లో ఎప్పుడో రక్తం చిమ్మి, మచ్చకట్టి, లోపలి పొరను పీకేసిందని చెప్పింది. ఆ నడిమి చూపు ఇక రాదు. కుడికంట్లో కూడా అంచుల వెంట పనికిరాని కొత్త రక్తనాళాలు పుట్టాయి, ఇంకా నడిమికి రాలేదు, అందుకే ముత్యం బెజ్జం కనిపిస్తోంది. అవి చిట్లితే ఈ కన్నూ ఎడమదాని దారి పడుతుంది. లేజరు పెట్టాలి, నెలనెలా కంట్లోకి ఇంజెక్షన్ చెయ్యాలి, ఒక్కటి కూడా తప్పకూడదు.

షుగర్ ఇంత బాగా అదుపులో పెట్టుకున్న మనిషి కళ్ళెందుకు చూపించుకోలేదని డాక్టరు అడిగింది. సూదిలో దారం ఎక్కుతూ ఉండిందని బాలనర్సింహ చెప్పాడు. నా పేరు ఎత్తలేదు, నావైపు చూడను కూడా లేదు. నేను గోడమీద అంటించిన కంటి బొమ్మను చూస్తూ నిలబడ్డాను.

ఆమె ఇంట్లోవాళ్ళ సంగతి విడివిడిగా అడిగి రాసుకుంది. అమ్మా, మేనమామా అనగానే తలాడించింది. అన్నను కూడా తీసుకురమ్మంది. రెండు రోజుల తర్వాత వైకుంఠం గొణుక్కుంటూ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పద్దెనిమిదేళ్ళ షుగరు, రెండువందల ఎనభై. రెండు కళ్ళూ శుభ్రంగా ఉన్నాయి, ఒక్క ఎర్రచుక్క లేదు. డాక్టరు నమ్మలేక రెండోసారి చూసింది.

అప్పుడు ఆమె చెప్పిన మాటతో నా సైన్సు నేలమీద పడింది. చక్కెర అందరికీ ఒకటే గానీ, కంట్లోని సన్నటి రక్తనాళాలు దాన్ని ఎంత తట్టుకుంటాయన్నది కొంత పుట్టుకతోనే వస్తుందట. కొన్ని కుటుంబాల్లో ఆ బలహీనత తరం నుంచి తరానికి దిగుతుందట. ఇద్దరన్నదమ్ముల్లో ఒకరికి రావచ్చు, ఒకరికి రాకపోవచ్చు. గల్లీలో ఆడవాళ్ళు గడపలమీద కూర్చుని బియ్యం ఏరుతూ చెప్పింది ఇదే. ఆ నడకా ఆ రొట్టే లేకపోతే బాలనర్సింహకు రెండు కళ్ళూ ఎప్పుడో పోయుండేవని కూడా ఆమె చెప్పింది. ఆ రోజు అది ఎవరి చెవికీ ఎక్కలేదు.

ఇట్లాంటి అన్నదమ్ముల రక్తం మీద అక్కడ పరిశోధన చేస్తున్నారట, ఇద్దరూ రక్తమిచ్చారు. బాలనర్సింహ ఒక్కటే అడిగాడు. అన్నకు మంచిది వచ్చింది, తనకు చెడ్డది వచ్చింది, మరి తన కూతురికి ఏది వచ్చిందో ఈ రక్తంలో తెలుస్తుందా అని. తెలియదని డాక్టరు చెప్పింది. ఇది ఏ ఒక్క జన్యువు పనీ కాదు, ఎన్నో కలిసి చేసేది, రక్తం చూసి ఎవరికీ జాతకం చెప్పలేరు. అమ్మాయికి షుగరుంటే వెంటనే తీసుకొచ్చి కళ్ళు చూపించమంది.

అమ్మాయికి షుగరుంది. రచన, ఇరవై తొమ్మిదేళ్ళు, జల్‌పల్లిలో కాపురం. అక్కడే ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. కడుపుతో ఉన్నప్పుడు వచ్చిన షుగర్ కాన్పు తర్వాత పోలేదు, నాలుగేళ్ళయింది.

బాలనర్సింహ లేజరుకు వెళ్ళాడు. నడిమి చూపును కాపాడడానికి లేజరు అంచులను కాలుస్తుంది, అందుకే దాని తర్వాత పొద్దు వాలితే వాడికి గల్లీ నల్లబడేది. హుస్సేనీ ఆలం గల్లీలు మీకు తెలియనివి కావు, ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకు ఒదగాలి, వాటిలో మోటారు సైకిళ్ళు. గోడ తడుముకుంటూ ఇంటికి చేరేవాడు. సేఠ్ మంచివాడే, మొదట పెద్ద ముత్యాల పని ఇచ్చాడు, తర్వాత ఇంట్లో కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమన్నాడు. ఇంట్లో కూర్చుంటే వాడికి ఎదురుగా గోడకు ఆ మేకు. తీసేయమని చెప్పడు, దానివైపు చూడకుండానూ ఉండలేడు. ఒక సాయంత్రం తడుముకుంటూ వస్తుంటే చెయ్యి మేకుకు తగిలి, వాడు అక్కడే నిలబడిపోయాడని భార్య స్వరూప నాతో చెప్పి ఏడ్చింది.

కూతుర్ని పరీక్షకు రమ్మని రోజూ ఫోను చేసేవాడు. ఆమె వచ్చే వారం అనేది, బడిలో పరీక్షలనేది. చివరికో ఆదివారం ఇంటికి వచ్చి తండ్రి ఎదుట కూర్చుని తేల్చేసింది. నేనూ అక్కడే ఉన్నాను.

"నువ్వు పన్నెండేండ్లు నోరు కట్టుకున్నవ్ బాపు. పెద్దబాపు ఒక్కదినం కట్టుకోలే. నీ కన్ను పోయింది, ఆయనవి బాగున్నయ్. అన్నీ జేసినోనికి గిట్లయితే నేను చూపిచ్చుకొని ఏం లాభం? ఉందని తెలిస్తే నేను దినాం సావాలె. తెల్వకుంటే గా దినం దాక అన్న నిమ్మలంగ ఉంట."

మన తాతలు నొసటిరాత అన్నారు, ఈ చదువుకున్న పిల్ల ఆ రాతను నొసటి మీది నుంచి నెత్తుట్లోకి దించింది, అంతే తేడా. అయితే లెక్కల టీచరు, లెక్క తప్పని ఎట్లా చెప్పడం? ఇద్దరన్నదమ్ములూ ఆమె కళ్ళెదుటే ఉన్నారు.

ఆ మాట తండ్రికే ఎక్కువ తగిలింది. బిడ్డ చెప్పింది నిజమే, ఎవడికోసం నడిచానని పొద్దున నడక మానేశాడు. ఒకరోజు అన్నను అడిగి జిలేబీ తెప్పించుకుని రెండు తిన్నాడు, రుచి తెలియలేదన్నాడు. మూడో ఇంజెక్షన్ రోజు వచ్చింది, పోయింది. ఎల్లుండి పోదామన్నాడు, పది రోజులైంది. స్వరూప దుకాణానికి వచ్చి, నువ్వైనా చెప్పన్నా, నీ మాటంటే ఆయనకు గురి అంది. ఉన్న ఆ ఒక్క కన్నులో నాళాలు ఏ రోజైనా చిట్లవచ్చునని నాకు తెలుసు. అటు జల్‌పల్లిలో పిల్ల కళ్ళలో ఏముందో ఎవరికీ తెలియదు.

రచన ప్రశ్నకు జవాబు నా దగ్గర ఉంది. మొదటి రోజు నుంచీ ఉంది. నేను మాత్రం తేలు కుట్టిన దొంగలా ఉన్నాను. నలుగురిలో నవ్వించి చెప్పిన మాట కదా, విన్నవాళ్ళు ఇంకా గల్లీలోనే తిరుగుతున్నారు. సగం డాక్టరు బాలనర్సింహ కన్ను పోగొట్టాడని రేపు ఎవరన్నా అంటే ఆ కౌంటర్ వెనక ఏ మొహంతో నిలబడాలి? మూడు వారాలు ఇదే నా బాధ. వాడి కన్ను కంటే నా పేరు నాకు బరువైంది. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది.

మరో ఆదివారం రచన వచ్చిందని తెలిసి వెళ్ళాను. బాలనర్సింహ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నేను కూర్చోకుండానే మొదలుపెట్టాను. కూర్చుంటే చెప్పలేనని భయం.

"మీ బాపు అన్నీ జేసిండు అన్నవ్ గదా బిడ్డా. ఒక్కటి జేయలే. పన్నెండేండ్లల్ల ఒక్కపారి కంటిలోపల చూపెట్టలే. చూపెట్టాల్నా అని వచ్చి నన్నే అడిగిండు. నేను నవ్వి, నీ సూదే నీకు డాక్టర్ అన్న. చూపెట్టాలని నాకు తెలుసు. తెలిసే అన్న. రక్తంల వచ్చింది నిజమే, గని రక్తం ఒక్కటే కాదు, నేను గూడ."

స్వరూప చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టింది. బాలనర్సింహ మెల్లగా లేచి కూర్చున్నాడు. నావైపే మొహం పెట్టాడు గానీ, ఆ చూపు నాకు పక్కగా పోయింది. నీదేముందిలే జగదీశ్ అంటాడని లోలోపల ఆశపడ్డాను. వాడు మంచివాడు, అనగలడు.

"నువ్వు చెప్తే పోతుంటి," అన్నాడు.

తిట్టినా బాగుండేది. నేను నిలబడే ఉన్నాను. వాళ్ళమ్మకు నలభై ఎనిమిదికే రెండూ పోతే, వీడికి యాభై నాలుగులో ఒకటి మిగిలింది, అది ఆ నడకతో మిగిలిందని డాక్టరు చెప్పిన మాట తడబడుతూ అప్పజెప్పాను. రచనకు నామీద కోపం వచ్చింది, మొహంలో కనిపిస్తూనే ఉంది. అయినా లెక్కలో వదిలేసిన అంకె ఒకటి దొరికినట్టయింది ఆ పిల్లకు. డాక్టరు ఎన్నింటికి కూర్చుంటుందని, నన్ను కాదు, తల్లిని అడిగింది.

మంగళవారం నలుగురం వెళ్ళాం. బాలనర్సింహకు పదమూడు రోజులు ఆలస్యంగా ఇంజెక్షన్ చేశారు. నాళాలు చిట్లలేదు, అదృష్టం. రచనకు చుక్కలు వేసి కూర్చోబెట్టి, ముప్పావుగంట తర్వాత పిలిచారు. డాక్టరు మనస్విని కుడికంట్లోకి చూసింది, ఎడమకంట్లోకి చూసింది, మళ్ళీ కుడికంట్లోకి చూసింది. మేం తలుపు దగ్గర నిలబడ్డాం.

"రెండు కళ్ళలోనూ చిన్న చిన్న ఎర్రచుక్కలున్నాయి," అంది. "ఇది మొదలు. ఇప్పుడు లేజర్ అక్కర్లేదు, ఇంజెక్షన్ అక్కర్లేదు. షుగర్, బీపీ అదుపులో పెట్టుకుని ఆరు నెలలకోసారి తప్పకుండా రావాలి. అందరూ ఈ దశలో వస్తే మాకు సగం పని ఉండదు."

బాలనర్సింహ ముందుకు జరిగి, నాకు గిట్ల ఎప్పుడుండె మేడం అని అడిగాడు. కచ్చితంగా చెప్పలేననీ, ఎనిమిదేళ్ళ కిందటో పదేళ్ళ కిందటో ఉండి ఉంటుందనీ ఆమె చెప్పింది. ఎనిమిది, పదేళ్ళ కిందట. వాడు నా దుకాణానికి వచ్చి అడిగిన రోజులవి. నేను బయటికి వచ్చి వరండాలో నిలబడ్డాను.

కాసేపటికి వాళ్ళూ వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. తండ్రి కుడికంటికి పట్టీ. కూతురికి మందు దిగక వెలుతురు గుచ్చుకుంటుంటే నల్లద్దాలు పెట్టారు. ఎదుటి గోడమీద ఏం రాసుందో ఇద్దరిలో ఎవరూ చదవలేరు. రచన ఏడ్చింది, దాచుకోకుండా ఏడ్చింది. బాలనర్సింహ చెయ్యి చాపి గాలిలో వెతికి, ఆమె భుజం దొరికాక అక్కడే ఉంచాడు.

"గిదేనా బిడ్డా నేను నీకిచ్చింది," అన్నాడు.

ఆమె కొంగుతో అద్దాల కింద తుడుచుకుని, తల్లి వెంట చీటీలు రాసే కిటికీ దగ్గరికి వెళ్ళి, అక్కడి గుమాస్తాతో ఏదో మాట్లాడి రెండు చీటీలు చేయించుకుని వచ్చింది. వాటిని తండ్రి చేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"ఆరో నెలల నీకు సూది ఉన్ననాడే నాది గూడ రాపిచ్చిన బాపు," అంది. "ఇద్దరం కల్సే వస్తం."